వెన్నుకు ఊపిరి పోసిన కాథరినా

వీపు మీద హుక్కు పెట్టుకోవాలంటే చెయ్యి అందదు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే మెడ ఒక్కటీ తిరగదు, మనిషి మొత్తం గిర్రున తిరగాల్సొస్తుంది. స్కూటీ నడుపుతూ వెనక ఏ బండి వస్తోందో చూడాలన్నా, పైఅరలో ఉన్న డబ్బా పక్కకి వంగి అందుకోవాలన్నా వీపు మధ్యలో ఎక్కడో కలుక్కుమంటుంది. వయసొచ్చేసింది కదా అనుకుని ఊరుకుంటాం. నడుంనొప్పి గురించి పది మందికి చెప్పుకుంటాం గానీ, వీపు బిగుసుకుపోయిందని ఎవరికీ చెప్పం. అసలు అదొక బాధ అని కూడా అనుకోం.

కానీ నూరేళ్ళ కిందట జర్మనీలో ఒకావిడ ఆ వీపు గురించే జీవితమంతా ఆలోచించింది. ఆవిడది మామూలు బిగుతు కాదు. వెన్నెముకే పక్కకి వంగి, మెలి తిరిగిపోయింది. డాక్టర్ చదువు చదవలేదు. చేతిలో ఉన్నవల్లా ఒక అద్దం, తన ఊపిరి, బోలెడంత ఓపిక. వాటితోనే తన వీపుని తాను దిద్దుకుంది. ఆ తర్వాత వేలమందికి దారి చూపింది. ఆవిడ పేరు కాథరినా ష్రోత్.

ఇనుప చట్రంలో పదహారేళ్ళ పిల్ల

కాథరినా 1894లో డ్రెస్డెన్ నగరంలో పుట్టింది. పుట్టింటి పేరు బావర్. ఎక్స్‌రే అనేది ఆ మరుసటి ఏడాది, అంటే 1895లో గానీ లోకానికి తెలియలేదు. ఒంట్లో ఎముక ఎటు వంగిందో బయట్నుంచి చూసి తెలుసుకోవాల్సిన కాలమన్నమాట.

ఎదిగే వయసులో ఆమె వెన్ను వంకర తిరిగింది. దీన్ని స్కోలియోసిస్ అంటారు. చాలామందిలో ఎందుకు వస్తుందో ఇప్పటికీ తేలలేదు. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఎంతో కొంత కనిపిస్తుంది. వంపు పెద్దదయ్యే బాధ మాత్రం మగపిల్లల కన్నా ఆడపిల్లలకే బాగా ఎక్కువ. అదీ పది నుంచి పదిహేనేళ్ళ మధ్య, పిల్ల గబగబా పొడుగు సాగే రోజుల్లో.

కాథరినాకి పదహారేళ్ళప్పుడు ఉక్కు చట్రం తొడిగారు. మనం చీర కుచ్చిళ్ళు కాస్త బిగిస్తేనే ఊపిరాడదంటాం. ఇక ఇనుము తొడుక్కుని రోజులు గడపడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. చట్రం బయట్నుంచి నొక్కి పట్టుకుంటుంది, అంతే. లోపలి కండకి పని ఉండదు. పక్కటెముకలు కదలవు. కదలనిది బిగుసుకుపోతుంది. ఈ పద్ధతి ఆ పిల్లకి నచ్చలేదు. బయట్నుంచి నొక్కడం కాకుండా, లోపల్నుంచి సరిచేసుకునే దారేదైనా ఉండకూడదా అన్న ఆలోచన ఆమెని పట్టుకుంది.

బెలూన్ నేర్పిన పాఠం

ఆ దారి ఆమెకి ఒక బెలూన్‌లో కనిపించింది. గాలి తగ్గిన బెలూన్‌కి ఒక పక్క సొట్ట పడుతుంది. ఆ సొట్టని బయట్నుంచి ఎంత లాగినా పోదు. లోపల గాలి నిండితే దానంతటదే పైకి తేలుతుంది. మరి మనిషి ఛాతీ కూడా గాలి నిండే సంచే కదా? వీపులో ఏ భాగం లోపలికి కుంగిపోయిందో సరిగ్గా అక్కడికే ఊపిరి పంపిస్తే ఆ పక్కటెముకలు పైకి లేస్తాయా? ఇదీ ఆమె ప్రశ్న.

వింటే చిన్నపిల్లల ఊహలా ఉంది గానీ, ఇందులో అసలు సంగతి ఉంది. మెడ కింది నుంచి నడుం పైదాకా పన్నెండు వెన్నుపూసలు. ఒక్కో దానికి అటొకటి, ఇటొకటి పక్కటెముక. మనం ఒళ్ళు మెలితిప్పి పక్కకి చూసేటప్పుడు తిరిగేది ఎక్కువగా ఈ భాగమే. నడుం దగ్గరున్న అయిదు పూసలు ముందుకీ వెనక్కీ వంగడానికే గానీ, మెలి తిరగడానికి పెద్దగా పనికిరావు. వీపు పూసలు మాత్రం అన్నీ కలిసి ఒక్కోవైపుకి సుమారు ముప్ఫై డిగ్రీలు తిరగగలవు. అయితే వాటికి పక్కటెముకలు అంటుకుని ఉన్నాయి కాబట్టి, ఎముకల గూడు బిగుసుకుంటే పూసలూ తిరగలేవు. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముక బకెట్ పిడిలాగా పక్కకీ పైకీ లేస్తుంది. రోజంతా పైపైన ఊపిరి పీల్చేవాళ్ళకి ఆ పిడి లేవడమే మర్చిపోతుంది.

వెన్ను వంకరైన వాళ్ళ సంగతి ఇంకా చిక్కు. వెన్ను పక్కకి మాత్రమే వంగదు, తనలో తాను మెలి కూడా తిరుగుతుంది. దానితోపాటు పక్కటెముకలూ తిరుగుతాయి. ఒకవైపు వీపు మీద ఉబ్బుగా లేస్తుంది, రెండోవైపు గుంటగా కుంగుతుంది. పీల్చిన గాలి కూడా సులువుగా తెరుచుకునే ఉబ్బు వైపుకే ఎక్కువ పోతుంది. ఉన్నవాడికే ఇంకా పెట్టినట్టు, కుంగిన వైపు మరీ కుంగుతుంది.

అద్దం చెప్పిన నిజం

కాథరినా అద్దం ముందు నిలబడింది. ఇది చెప్పినంత తేలికైన పని కాదు. ఒంట్లో వంకర ఉన్న ఆడపిల్ల అద్దానికి దూరంగా పోతుంది. వదులు బట్టలు వేసుకుంటుంది. మన ఇళ్ళలో అయితే పైట నిండుగా కప్పుకుంటుంది, జడని ఆ వైపుకే వేసుకుంటుంది, ఫొటోలో పక్కకి నిలబడుతుంది. కాథరినా దాచుకోవడం మానేసి చూడడం మొదలుపెట్టింది. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఏ భుజం ముందుకొచ్చింది, ఏ తుంటి పక్కకి జరిగింది, అన్నీ లెక్కగా చూసుకుంది. ముందు పొడుగు సాగి నిలబడడం, తర్వాత వంపుకి ఎదురు దిక్కుగా ఒంటిని తిప్పడం, ఆపైన కుంగిన చోటికి నెమ్మదిగా ఊపిరి నింపడం, ఊపిరి వదిలేటప్పుడు ఆ స్థితి జారిపోకుండా కండరాలు బిగించి పట్టుకోవడం. రోజూ ఇదే పని.

అక్కడే ఆమెకి ఇంకో సంగతి తెలిసింది. వంకరగా నిలబడడం అలవాటైన ఒంటికి ఆ వంకరే నిటారుగా అనిపిస్తుంది. నిజంగా నిటారుగా నిలబెడితే పక్కకి పడిపోతున్నట్టుంటుంది. అందుకే ఎవరో వెనకనుంచి సరిగ్గా నిలబడు, సరిగ్గా నిలబడు అని పోరుపెడితే లాభం లేదు. సరిగ్గా అంటే ఏమిటో ఆ ఒంటికి తెలియదు కదా! ముందు కళ్ళకి అద్దంలో చూపించాలి. తర్వాత ఒంటికి నేర్పించాలి. చివరికి అద్దం లేకపోయినా ఒంటికి గుర్తుండాలి. పిల్లల్ని గూని పోతున్నావని రోజూ కసిరే తల్లులం మనం. ఈ ఒక్క ముక్క తెలిస్తే మన నోటికి కాస్త విశ్రాంతి, పిల్లల చెవులకి కాస్త శాంతి.

ఆమె వీపులో తేడా కనిపించింది. అక్కడితో ఆగి ఉంటే అది ఆమె సొంత కథ అయ్యేది.

మైసెన్‌లో తోట బడి

1921లో కాథరినా మైసెన్‌లో చిన్న సంస్థ తెరిచింది. మైసెన్ అంటే ఎల్బే నది ఒడ్డున, పింగాణీ సామానుకి పేరుపడ్డ ఊరు. పింగాణీ పగిలితే అతకదు గానీ, వంగిన మనుషులకి అక్కడ కొత్త ఆశ దొరికింది. వచ్చినవాళ్ళు ఒకటి రెండు రోజులుండి పోయేవాళ్ళు కాదు. మూడు నెలలు ఉండాలి. రోజూ గంటల తరబడి సాధన చేయాలి. ఎండా గాలీ తగిలేలా ఆరుబయట కసరత్తులు. 1924లో శ్వాస వ్యాయామాల మీద ఒక చిన్న పుస్తకం కూడా రాసింది.

వచ్చినవాళ్ళలో చాలామందివి చిన్నాచితకా వంపులు కావు. ఎనభై డిగ్రీలు దాటిన వంపులు, రాయిలా బిగిసిన వీపులు. ఈ రోజుల్లో యాభై డిగ్రీల చుట్టుపక్కలకి వస్తేనే ఆపరేషన్ మాట ఎత్తుతారు. అప్పటికి అలాంటి ఆపరేషన్లు ఇంకా తొలి అడుగుల్లోనే ఉన్నాయి. కాబట్టి వాళ్ళకి పోవడానికి వేరే చోటు లేదు. వైద్యం చదవని ఆడమనిషి దగ్గర నేర్చుకోవడమా అన్న శంక ఎవరికైనా సహజం. ఆ శంకకి ఆమె మాటలతో జవాబు చెప్పే వీల్లేదు. ఎదురుగా ఉన్న వీపులే చెప్పాలి.

ఆమె పద్ధతిని మన వంటింటి భాషలో చెప్పుకుందాం. మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్ ఊహించుకోండి. కింది గిన్నె తుంటి భాగం, మధ్య గిన్నె పక్కటెముకల గూడు, పై గిన్నె భుజాలు. పక్కనుండే కడ్డీ వదులైతే గిన్నెలు ఒకటి కుడికీ, ఒకటి ఎడమకీ జరుగుతాయి. జరగడమే కాదు, ఒకదాని మీద ఒకటి తిరిగిపోతాయి కూడా. ఒక్క మధ్య గిన్నెని పట్టుకుని తోస్తే ఏమవుతుంది? పైదో కిందిదో ఇంకా జరుగుతుంది. ముందు మొత్తం క్యారియర్ పైకెత్తి గిన్నెల మధ్య చోటు చేయాలి. అప్పుడు ఒక్కొక్కటీ దాని దిక్కుకి తిప్పి, చివర్న కడ్డీ బిగించాలి. ష్రోత్ పద్ధతి కూడా అంతే. పొడుగు సాగడం, తిప్పడం, ఊపిరి నింపడం, బిగించి నిలపడం. ఇద్దరి వంపు ఒకేలా ఉండదు కాబట్టి ఇద్దరి కసరత్తూ ఒకేలా ఉండదు. పడుకుని చేసేటప్పుడు ఉబ్బిన చోట్ల ఆసరాగా పెట్టేవి ఏమిటో తెలుసా? చిన్న చిన్న బియ్యం సంచులు!

యుద్ధం, విభజన, మళ్ళీ మొదటికి

1930ల చివరికి కూతురు క్రిస్టా తల్లి పనిలో చెయ్యి కలిపింది. అంతలో రెండో ప్రపంచ యుద్ధం. 1945 ఫిబ్రవరిలో కాథరినా పుట్టిన డ్రెస్డెన్ బాంబులకి బూడిదైంది. యుద్ధం ముగిశాక మైసెన్ ఉన్న సాక్సనీ ప్రాంతం రష్యన్ల అధీనంలోకి వెళ్ళింది, 1949లో తూర్పు జర్మనీ అయింది. తల్లీకూతుళ్ళు కొన్నాళ్ళు గోట్‌లాయిబా అనే ఊళ్ళో ప్రభుత్వ ఆరోగ్యశాలలో పనిచేశారు. తర్వాత 1950ల మధ్యలో పశ్చిమ జర్మనీకి వెళ్ళిపోయారు.

ఆలోచించండి. అరవై ఏళ్ళు దాటిన ఆవిడ. ముప్ఫై ఏళ్ళకి పైగా కట్టుకున్నదంతా వెనకే ఉండిపోయింది. మన దగ్గరైతే ఆ వయసుకి ఇక చేసింది చాల్లే, మనవల్ని ఆడించుకుంటూ కూచో అంటారు. కాథరినా కూచోలేదు. 1961లో, అరవై ఏడేళ్ళ వయసులో, జోబెర్న్‌హైమ్ అనే చిన్న ఊళ్ళో కూతురితో కలిసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. చిన్న సంస్థగా మొదలైనది పెరిగి పెరిగి ఒకేసారి నూట యాభై మందికి పైగా ఉండి వైద్యం పొందే ఆస్పత్రి అయింది. మూడు నెలల సాధన ఆరు వారాలకి కుదిరింది. అక్కడ కలిసినవాళ్ళంతా ఒకే బాధ ఉన్నవాళ్ళు. ఊళ్ళో అందరి మధ్యా తన వీపు ఒక్కటే వంకర అని కుమిలిన పిల్ల అక్కడికెళ్తే తనలాంటి పిల్లలు వరుసగా అద్దాల ముందు నిలబడి కనిపించేవాళ్ళు. ఆ ధైర్యం ఏ మందుల షాపులో దొరుకుతుంది?

ఫిజియోథెరపీ చదివిన క్రిస్టా లెనెర్ట్ ష్రోత్ తల్లి అనుభవాన్ని ఒక శాస్త్రంగా అమర్చింది. వంపుల్లో రకాలు విడదీసింది, పుస్తకం రాసింది, ఇతరులకి నేర్పింది. ఆస్పత్రికి 1980లలో కాథరినా పేరే పెట్టారు. జర్మనీ ప్రభుత్వం ఫెడరల్ క్రాస్ ఆఫ్ మెరిట్ ఇచ్చి ఆమెని గౌరవించింది. 1985లో, తొంభై ఏళ్ళు నిండాక, కాథరినా కన్నుమూసింది. క్రిస్టా 2015లో పోయింది. మనవడు హాన్స్ రుడాల్ఫ్ వైస్ ఎముకల డాక్టరై అదే దారిలో నడిచాడు. ఈ సాధనతో ఊపిరితిత్తుల్లో పట్టే గాలీ, పక్కటెముకల కదలికా పెరిగాయని ఆయన 1991లో వైద్య పత్రికలో ప్రచురించాడు. అమ్మమ్మ బెలూన్ ఊహకి మనవడు కొలతలు కట్టాడన్నమాట.

ఆమె తర్వాత తెలిసింది

కాథరినా చెప్పిందంతా వేదమని అనుకోనక్కర్లేదు. తర్వాత కెనడా, టర్కీ లాంటి దేశాల్లో జరిగిన పరీక్షల్లో ష్రోత్ వ్యాయామాల వల్ల కొంత మేలు కనిపించింది. కానీ పెద్ద వంపుని ఊపిరితోనే నిటారుగా చేసేయొచ్చని ఎవరూ చెప్పరు. ఆమె విసిరేసిన చట్రం సంగతి కూడా మారింది. ఇప్పటి బ్రేస్‌లు ఆనాటి ఇనుప చట్రాలు కావు. తేలికైన ప్లాస్టిక్‌తో ఒంటి కొలతకి చేస్తారు. కుంగిన వైపు ఊపిరి నిండడానికి ఖాళీ వదిలే రకాలూ ఉన్నాయి. 2013లో అమెరికా, కెనడాల్లో జరిగిన పరిశోధన ఫలితాలొచ్చాయి. ఎదిగే పిల్లల్లో బ్రేస్ వేసుకున్నవాళ్ళలో నూటికి 72 మందికి వంపు ఆపరేషన్ దాకా పోకుండా ఆగింది. వేసుకోని వాళ్ళలో 48 మందికే ఆగింది. బ్రేస్ కావాలని డాక్టర్ చెబితే వేసుకోవాల్సిందే. దానితోపాటు వ్యాయామం. రెండూ శత్రువులు కావని తేలడానికి నూరేళ్ళు పట్టింది.

మన ఇంట్లో మనం

పిల్లకి తలంటి పోసేటప్పుడు, జడ వేసేటప్పుడు ఒక్కసారి వీపు చూడండి. రెండు భుజాలూ ఒకే ఎత్తులో ఉన్నాయా? ఒక రెక్క ఎముక బయటికి పొడుచుకొచ్చిందా? నడుం ఒంపు రెండువైపులా సమానంగా ఉందా? కాళ్ళు జోడించి, మోకాళ్ళు మడవకుండా, చేతులు వేలాడేసి ముందుకి వంగమనండి. వెనకనుంచి చూస్తే వీపు ఒకవైపు ఉబ్బుగా కనిపిస్తే ఎముకల డాక్టర్‌కి చూపించాలి. ఈ పరీక్ష 1865 నాటిది, పైసా ఖర్చు లేనిది. జాకెట్టు కుట్టే దర్జీ ఒక భుజం దిగిందని చెప్పినా కొట్టిపారేయకండి. ఆడపిల్ల కదా, బయటికి తెలిస్తే సంబంధాలు రావని దాచిపెడితే, వంపు ఆగే వయసు కాస్తా దాటిపోతుంది. అలాంటి పిల్లకి ఇంట్లో తోచిన మెలికల ఆసనాలు చేయించకూడదు. ఏ వైపు తిప్పాలో నేర్చినవాళ్ళే చెప్పాలి.

ఇక వెన్ను బాగానే ఉండి వీపు మాత్రం బిగుసుకున్న మనలాంటివాళ్ళకి కాథరినా సూత్రం హాయిగా పనికొస్తుంది. కుర్చీలో పాదాలు నేలకి ఆనించి కూచోండి. మోకాళ్ళు దగ్గరగా పెట్టి, చేతులు గుండెల మీద కట్టుకోండి. ఊపిరి పీలుస్తూ నడినెత్తి పైకి లాగినట్టు పొడుగు సాగండి. వదులుతూ భుజాల్ని ఒక పక్కకి తిప్పండి. తుంటి కదలకూడదు. పట్టేసినట్టున్న చోట ఆగి, అక్కడి పక్కటెముకల్లోకి గాలి నింపుతున్నట్టు రెండు మూడు నిదానమైన ఊపిరులు తీసుకోండి. కుదుపు వద్దు, పంతం అసలే వద్దు. అటు అయిదు సార్లు, ఇటు అయిదు సార్లు. పడుకునేముందు పక్కకి తిరిగి మోకాళ్ళు మడిచి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోండి. చేతులు ముందుకి చాపి, పై చేతిని పుస్తకం తెరిచినట్టు మెల్లగా వెనక్కి తెరవండి. చెయ్యి నేలకి తగలకపోయినా ఫర్వాలేదు. ఎముకలు గుల్లబారినవాళ్ళు, గర్భిణులు, వీపుకి ఆపరేషన్ అయినవాళ్ళు, చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా చేయొద్దు.

పొయ్యి దగ్గర పాలు పొంగే లోపు కూడా నాలుగు మంచి ఊపిరులు తీసుకోవచ్చు. మనం రోజుకి వేలసార్లు ఊపిరి పీలుస్తాం, ఒక్కదాన్ని కూడా పట్టించుకోం. పదహారేళ్ళ వయసులో ఇనుప చట్రంలో ఉన్న ఒక పిల్ల దాన్ని పట్టించుకుంది. వీపు తిప్పి వెనక్కి చూడగలగడం ఎంత పెద్ద వరమో ఆమెకి తెలుసు.